ఇంట్లో స్ట్రీమింగ్ వీడియో రికార్డ్ చేసుకుంటే తప్పా? డేటా ఎంత పోతుంది?

ఒకసారి రాత్రి పదకొండు గంటలకు మొదలయ్యే లైవ్ చర్చ ఒకటి చూడాలనుకున్నాను. అంతసేపు మేలుకోలేనని తెలుసు. అందుకే ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ రికార్డర్ ఆన్ చేసి పడుకున్నాను. చర్చ గంటలో అయిపోయింది. ఆటోప్లే మాత్రం ఆగలేదు. దాని వెనక ఇంకో వీడియో, దాని వెనక మరోటి నడుస్తూనే ఉన్నాయి. పొద్దున లేచి చూస్తే ఏడు గంటల వీడియో ఉంది. డిస్క్ నిండిపోయింది. నెలాఖరుదాకా రావాల్సిన డేటాలో పెద్ద ముక్క కరిగిపోయింది. ఆ మాట చెబితే మా తమ్ముడు ఫోన్‌లో అన్నాడు: "డేటా సంగతి సరే అన్నయ్యా, అసలు అలా రికార్డ్ చేసుకోవచ్చా? కేసు గానీ అవుతుందా?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత తీర్పులూ చట్టాలూ వెతికి చదివాక అర్థమైంది, వాడు అడిగిన ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయని. కాపీ చేసుకునే హక్కు మనకుందా అనేది మొదటిది. ఆ వీడియోకు వేసిన డిజిటల్ తాళాన్ని దాటామా అనేది రెండోది. సర్వీసులో చేరేటప్పుడు 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కిన షరతులు ఏమంటున్నాయి అనేది మూడోది. ఈ మూడింటికీ వేర్వేరు చట్టాలున్నాయి, శిక్షలు కూడా వేర్వేరే. ఒకదానిలో మన తప్పు లేకపోయినా ఇంకోదానిలో దొరికిపోవచ్చు. "డబ్బు కట్టాను కదా, దాచుకుంటే తప్పేంటి?" అని ఒకరు, "అది దొంగతనమే" అని ఇంకొకరు గట్టిగా వాదించుకుంటారు. చాలాసార్లు ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే ప్రశ్న గురించి కాదు.

టీవీ రోజుల్లో వచ్చిన హక్కు

ఇంట్లో రికార్డింగ్ అనగానే అందరూ తలచుకునేది అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరిలో ఇచ్చిన బీటామ్యాక్స్ తీర్పు. సోనీ కంపెనీ 1975లో బీటామ్యాక్స్ వీడియో రికార్డర్‌ను అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి ఏడాదే యూనివర్సల్, డిస్నీ స్టూడియోలు కోర్టుకెళ్లాయి. జనం మా కార్యక్రమాలను కాపీ చేసుకుంటున్నారు, ఆ యంత్రం అమ్మినందుకు సోనీయే బాధ్యత వహించాలన్నది వాళ్ల వాదన. కింది కోర్టు సోనీ వైపు నిలిచింది. అప్పీలు కోర్టు స్టూడియోల వైపు తిరిగింది. చివరికి సుప్రీంకోర్టులో 5-4 తేడాతో సోనీ గెలిచింది. అటు ఒక్క జడ్జి మనసు మారి ఉంటే ఇంటింటి వీడియో రికార్డర్ చరిత్ర వేరేగా ఉండేది.

ఆ కేసులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పిల్లల కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్న ఫ్రెడ్ రోజర్స్ సోనీకి అనుకూలంగా సాక్ష్యం చెప్పాడు. తన కార్యక్రమాన్ని కుటుంబాలు రికార్డ్ చేసుకుని, తమకు వీలైన వేళ కలిసి చూసుకుంటే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. ఆ సాక్ష్యాన్ని సుప్రీంకోర్టు తీర్పులో ప్రస్తావించింది కూడా. కాపీరైట్ ఉన్నవాళ్లందరూ కాపీకి శత్రువులు కారని అక్కడ తేలింది.

అయితే ఆ తీర్పు ఎంతవరకు వెళ్లిందో జాగ్రత్తగా చూడాలి. గాలిలో ఉచితంగా వచ్చే టీవీ ప్రసారాన్ని సొంతానికి రికార్డ్ చేసుకుని, తర్వాత తీరిగ్గా చూడటం న్యాయమైన వాడకమే అన్నది అందులోని సారం. దీన్నే టైమ్ షిఫ్టింగ్ అంటారు. డబ్బు కట్టి చూసే చానెళ్ల సంగతి అందులో తేలలేదు. టేపులు ఒకరికొకరు ఇచ్చుకోవడం గురించీ తేలలేదు. రికార్డ్ చేసినవన్నీ అలమారలో వరసగా పేర్చి సొంత లైబ్రరీ కట్టుకోవచ్చని కోర్టు ఎక్కడా అనలేదు. నలభై ఏళ్ల తర్వాత "బీటామ్యాక్స్ తీర్పు ఉంది కాబట్టి ఓటీటీ సినిమా రికార్డ్ చేసుకోవచ్చు" అనేవాళ్లు ఈ హద్దుల్ని మర్చిపోతున్నారు.

ఎప్పుడంటే అప్పుడు దొరికేదానికి ఆ హక్కు ఎందుకు?

టైమ్ షిఫ్టింగ్ వెనకున్న వాదన చాలా సూటిగా ఉంటుంది. కార్యక్రమం ఒక గంటకే వస్తుంది, ఆ గంటకు నువ్వు ఇంట్లో లేవు, అందుకని దాచుకుంటావు. మరి అడిగిన క్షణాన మొదలయ్యే సినిమాకు ఈ వాదన ఎలా అతుకుతుంది? చట్టాలు రాసినవాళ్లకూ ఈ అనుమానం వచ్చింది.

అందరికంటే స్పష్టంగా రాసుకున్నది కెనడా. 2012లో మార్చిన కాపీరైట్ చట్టంలో, కార్యక్రమాన్ని తర్వాత చూడటానికి రికార్డ్ చేసుకునే హక్కును నేరుగా చేర్చింది. దానికి కొన్ని షరతులున్నాయి. ప్రసారం న్యాయంగా అందినదై ఉండాలి. తాళం పగలగొట్టి ఉండకూడదు. ఒక్క కాపీయే చేసుకోవాలి. చూడటానికి కావాల్సినంత కాలమే ఉంచుకోవాలి, ఎవరికీ ఇవ్వకూడదు. ఆ వెంటనే ఇంకో మాట కూడా ఉంది: ఆన్ డిమాండ్ సర్వీసు ద్వారా వచ్చినదానికి ఈ హక్కు వర్తించదు. అంటే లైవ్‌గా వచ్చే మ్యాచ్ రికార్డ్ చేయడం వేరు, లైబ్రరీలో ఎప్పుడూ ఉండే సినిమా రికార్డ్ చేయడం వేరు.

బ్రిటన్ కూడా ఇదే గీత గీసింది, కాకపోతే కొంచెం చుట్టు తిరిగి. అక్కడి చట్టంలో 70వ సెక్షన్, వీలైన వేళ చూసుకోవడం కోసం ఇంట్లో 'బ్రాడ్‌కాస్ట్'ను రికార్డ్ చేయడాన్ని అనుమతిస్తుంది. బ్రాడ్‌కాస్ట్ అంటే ఏమిటో అదే చట్టం ఇంకోచోట చెబుతుంది. ఇంటర్నెట్‌లో వచ్చేవాటిలో, టీవీతో పాటు ఏకకాలంలో వచ్చేది, జరుగుతున్న సంఘటనను అప్పటికప్పుడు చూపేది, నిర్ణీత సమయాల పట్టిక ప్రకారం నడిచేది మాత్రమే అందులోకి వస్తాయి. నొక్కితే మొదలయ్యే వీడియో రాదు. సొంతానికి కాపీ చేసుకోవడాన్ని ఇంకా విస్తృతంగా అనుమతిస్తూ 2014 అక్టోబరులో బ్రిటన్ ఒక నిబంధన తెచ్చింది గానీ, 2015 జూలైలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఏడాది కూడా నిలవలేదు.

యూరప్‌లో చాలా దేశాలది వేరే దారి. అక్కడ సొంత కాపీకి చట్టమే చోటిస్తుంది, దానికి బదులుగా రచయితలకూ కళాకారులకూ పరిహారం అందాలంటుంది. ఖాళీ డిస్కుల మీద, నిల్వ పరికరాల మీద చిన్న రుసుము వేసి ఆ డబ్బు వాళ్లకు పంచుతారు. జర్మనీ ఈ పద్ధతిని 1965లోనే మొదలుపెట్టింది. 2001 నాటి యూరోపియన్ యూనియన్ కాపీరైట్ ఆదేశం కూడా, పరిహారం ఉంటే సభ్య దేశాలు సొంత కాపీని అనుమతించవచ్చంది. జనం ఎలాగూ కాపీ చేసుకుంటారు, ఇంటింటికీ పోలీసును పంపలేం, కాబట్టి సృష్టికర్తకు నష్టం పూడ్చుదాం అనే ఈ ఆలోచనలో నాకు పెద్ద మనసు కనిపిస్తుంది. కానీ దీనికీ హద్దుంది. 2014 ఏప్రిల్‌లో ఏసీఐ ఆడమ్ కేసులో యూరప్ న్యాయస్థానం తేల్చి చెప్పింది: దొంగ మూలం నుంచి చేసుకున్న కాపీకి ఈ రక్షణ లేదు. పైరసీ సైటులో నడుస్తున్న సినిమాను రికార్డ్ చేసి 'సొంతానికే' అంటే అక్కడ కుదరదు.

భారత కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ సొంత వాడకం కోసం చేసే న్యాయమైన వినియోగాన్ని ఉల్లంఘనగా చూడదు. ఎంతవరకు 'న్యాయం' అన్నది ఒక్కో సందర్భాన్ని బట్టి తేలాల్సిందే.

తాళం దగ్గర కథ మారుతుంది

ఓటీటీ యాప్‌లో సినిమా పెట్టి స్క్రీన్ రికార్డర్ ఆన్ చేస్తే చాలామందికి ఎదురయ్యేది నల్లటి తెర. మాటలు వినిపిస్తాయి, బొమ్మ ఉండదు. రికార్డర్ పాడైందనుకుంటారు. పాడవలేదు. వీడియో ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది. దాన్ని విప్పే తాళంచెవి గూగుల్ వారి వైడ్‌వైన్, ఆపిల్ వారి ఫెయిర్‌ప్లే, మైక్రోసాఫ్ట్ వారి ప్లేరెడీ వంటి డీఆర్ఎం వ్యవస్థ, అంటే డిజిటల్ తాళం వ్యవస్థ, చేతిలో ఉంటుంది. విప్పిన బొమ్మ కూడా మామూలు దారిలో కాకుండా, మిగతా ప్రోగ్రాములు తొంగిచూడలేని దారిలో తెర మీదికి వెళ్తుంది. టీవీకి వెళ్లే కేబుల్‌లోనూ హెచ్‌డీసీపీ అనే ఇంకో తాళం ఉంటుంది.

ఈ తాళాలకు చట్టం కాపలా ఉంది. 1996లో కుదిరిన ప్రపంచ మేధో హక్కుల సంస్థ ఒప్పందంలో, ఇలాంటి రక్షణలను దాటడాన్ని సభ్య దేశాలు అడ్డుకోవాలని రాసుకున్నారు. అమెరికా 1998లో డీఎంసీఏ చట్టం తెచ్చింది. దాని 1201వ సెక్షన్ ప్రకారం, చూసే దారికి వేసిన తాళాన్ని దాటడమే తప్పు. తర్వాత ఆ కాపీతో మంచి పనే చేసినా ఆ తప్పు మాసిపోదు. మొదటి ప్రశ్నకూ రెండో ప్రశ్నకూ ఉన్న తేడా సరిగ్గా ఇక్కడే ఉంది. కాపీ న్యాయమైనదే కావచ్చు, దాన్ని చేరుకున్న దారి మాత్రం చట్టవిరుద్ధం కావచ్చు.

2009లో రియల్‌నెట్‌వర్క్స్ కంపెనీకి ఇదే అనుభవమైంది. సొంత డీవీడీలను కంప్యూటర్‌లో దాచుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. కోర్టు దాని అమ్మకం ఆపేసింది. తను కొన్న డీవీడీకి ఒక మనిషి ఇంట్లో కాపీ ఉంచుకోవడం న్యాయమైన వాడకమే కావచ్చు గానీ, ఆ పని చేసిపెట్టే పరికరాన్ని తయారుచేసి అమ్మడం చట్టవిరుద్ధమన్నది ఆ జడ్జి మాట. హక్కుంది, కానీ దాన్ని వాడుకునే పనిముట్టు లేదు. ఇది నాకు న్యాయంగా అనిపించదు, కానీ అక్కడి చట్టం ఉన్నది అలాగే.

అన్ని దేశాలూ ఇంత కఠినంగా లేవు. భారత చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ తాళం దాటితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. కానీ ఆ పని 'హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో' చేసి ఉండాలి. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసం అయితే ఆ సెక్షన్ అడ్డురాదు. ఆ ఒక్క మాట వల్ల అమెరికా చట్టానికీ దీనికీ చాలా దూరం ఉంది. జర్మనీలోనూ తాళం దాటడం నిషేధమే, అయితే పూర్తిగా తన సొంత వాడకానికో దగ్గరివాళ్ల కోసమో చేస్తే అది క్రిమినల్ నేరం కాదు. జపాన్ మాత్రం కాపీ రక్షణను దాటి చేసిన కాపీని సొంత వాడకం కింద ఒప్పుకోదు.

మరి తాళం విరగ్గొట్టకుండా, న్యాయంగా విప్పుకున్న బొమ్మనే తెర మీద నుంచి రికార్డ్ చేస్తే? టీవీ ఎదురుగా కెమెరా పెడితే? ఇక్కడ వకీళ్లలోనే రెండు వర్గాలున్నాయి. తాళం తీసింది యాప్, నేను చూసింది తెర అని ఒక వర్గం వాదిస్తుంది. తెర దగ్గర కాపీని ఆపడానికి పెట్టిన అడ్డును తప్పించుకోవడం కూడా తాళం దాటడమేనని ఇంకో వర్గం అంటుంది. అసలు తాళమంటే ఏమిటన్న దగ్గరే గొడవ ఉంది. 2020 అక్టోబరులో అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం ఫిర్యాదుతో యూట్యూబ్-డీఎల్ అనే, వీడియోలు దించుకునే ప్రోగ్రామును, ప్రోగ్రాముల కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటు తొలగించింది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వకీళ్లు, ఆ ప్రోగ్రాము చేసేది బ్రౌజర్ చేసే పనే, ఏ తాళాన్నీ దాటడం లేదని వివరిస్తూ ఉత్తరం రాశాక నవంబరులో తిరిగి పెట్టింది. 2023లో జర్మనీలోని హాంబర్గ్ కోర్టు అదే ప్రోగ్రాము విషయంలో వేరేలా చూసింది, యూట్యూబ్ వాడే రక్షణను తాళంగానే లెక్కించింది.

బటన్ నొక్కింది ఎవరు?

ఈ వ్యవహారం మొత్తంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన ముడి క్లౌడ్ రికార్డింగ్. మన ఇంట్లో యంత్రం లేదు. ఎక్కడో ఒక కంపెనీ సర్వర్ ఉంది. మనం ఫోన్‌లో 'రికార్డ్' నొక్కుతాం, అక్కడ ఫైల్ తయారవుతుంది. ఆ కాపీ చేసింది మనమా, కంపెనీయా? మనమైతే సొంత కాపీ అనే గొడుగు కిందికి వస్తాం. కంపెనీ అయితే అది అనుమతి లేకుండా వ్యాపారం చేసినట్టు.

2008లో అమెరికాలో కేబుల్‌విజన్ కేసు వచ్చింది. కేబుల్ కంపెనీ తన సర్వర్‌లో ఒక్కో చందాదారుకు విడివిడిగా కాపీ ఉంచింది. బటన్ నొక్కింది చందాదారు కాబట్టి కాపీ చేసింది ఆయనేనని అప్పీలు కోర్టు అంది. 2012లో ఆస్ట్రేలియాలో ఆప్టస్ కంపెనీ టీవీ నౌ అనే సర్వీసు విషయంలో ఫెడరల్ కోర్టు పూర్తి ధర్మాసనం ఒప్పుకోలేదు. కాపీ చేసింది ఆప్టస్, లేదా ఆప్టస్, చందాదారు కలిసి, కాబట్టి ఇంట్లో రికార్డింగ్‌కు ఇచ్చిన మినహాయింపు కంపెనీకి రాదంది. 2017 నవంబరులో ఇటలీ టీవీ చానెళ్లను క్లౌడ్‌లో రికార్డ్ చేసిపెట్టే వీకాస్ట్ కేసులో యూరప్ న్యాయస్థానం కూడా, హక్కుదారు అనుమతి లేనిదే ఇలాంటి సర్వీసు నడపకూడదని చెప్పింది. జనం నొక్కింది అదే బటన్. జవాబులు మాత్రం ఖండానికొకటి.

చదువుతూ నేను గమనించింది ఒకటుంది. పైన చెప్పిన బీటామ్యాక్స్, రియల్‌నెట్‌వర్క్స్, కేబుల్‌విజన్, ఆప్టస్, వీకాస్ట్ కేసులన్నింటిలోనూ బోనులో నిలబడింది పరికరం అమ్మినవాళ్లు, సర్వీసు నడిపినవాళ్లు. తన గదిలో కూర్చుని ఒక కార్యక్రమాన్ని తనకోసం దాచుకున్న మనిషి మీద ఈ కేసుల్లో ఎవరూ చర్య కోరలేదు. అది చట్టం ఇచ్చిన అనుమతి కాదు, ఎవరూ తలుపు తట్టలేదంతే. అదే ఫైల్‌ను గ్రూపులో పెట్టినా, లింకు పంచినా ఆ క్షణం నుంచి అది సొంత కాపీ కాదు. నేను చూసిన చట్టాల్లో ఏ ఒక్కటీ అలా పంచేవాణ్ణి కాపాడదు.

ఇక షరతులు

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నెట్‌ఫ్లిక్స్ వాడుక షరతులు అందులోని వాటిని కాపీ చేయకూడదని, భద్రపరచుకోకూడదని అంటాయి. సర్వీసే ఇచ్చిన సౌకర్యంతోనో, అనుమతితోనో తప్ప డౌన్‌లోడ్ చేయకూడదని యూట్యూబ్ షరతులు చెబుతాయి. వీటిని తప్పితే మామూలుగా జరిగేది ఖాతా ఆగిపోవడం. ఇది ఒప్పందం తప్పడం. నేరం వేరు, ఇది వేరు. కానీ ఏళ్ల తరబడి కూర్చుకున్న ప్లేలిస్టులూ, కొనుక్కున్న సినిమాలూ ఆ ఖాతాలోనే ఉంటే నష్టం చిన్నదేమీ కాదు.

డేటా లెక్క

ఇక మా తమ్ముడు 'సరే' అని పక్కన పెట్టిన సంగతి. రికార్డ్ చేస్తే డేటా రెట్టింపు పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. రికార్డర్ ఇంటర్నెట్ నుంచి విడిగా ఏమీ తెచ్చుకోదు, మీ తెర మీదికి అప్పటికే వచ్చిన బొమ్మను పట్టుకుంటుంది. గంట చూస్తే ఎంత డేటా అవుతుందో గంట రికార్డ్ చేసినా అంతే అవుతుంది. నిజానికి చూడటమంటేనే కాపీ తెచ్చుకోవడం. వీడియో కొన్ని సెకన్ల ముక్కలుగా మీ పరికరంలోకి దిగుతుంది, ఆడుతుంది, చెరిగిపోతుంది. ఈ తాత్కాలిక కాపీలు లేకుండా స్ట్రీమింగే లేదు కాబట్టి, న్యాయంగా చూసేవాళ్ల విషయంలో యూరప్ ఆదేశం వాటిని ఉల్లంఘన కింద లెక్కపెట్టలేదు. రికార్డర్ చేసేదల్లా చెరిగిపోవాల్సినదాన్ని ఉంచేయడం.

ఎంత పోతుందో మీరే లెక్కేసుకోవచ్చు. ఒక ఎంబీపీఎస్ వేగంతో గంటసేపు వీడియో వస్తే 450 ఎంబీ. ఎలాగంటే గంటకు 3,600 సెకన్లు, సెకనుకు ఒక మెగాబిట్, ఎనిమిది బిట్లు ఒక బైటు. 3,600ని ఎనిమిదితో భాగిస్తే 450. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. 5 ఎంబీపీఎస్ హెచ్‌డీ వీడియో గంటకు 2.25 జీబీ. 15 ఎంబీపీఎస్ 4కే వీడియో 6.75 జీబీ. నెట్‌ఫ్లిక్స్ తానే చెప్పే అంకెలు కూడా దీనికి దగ్గరగా ఉంటాయి: మామూలు క్వాలిటీలో గంటకు 1 జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా. నా నిద్రలో నడిచిన ఏడు గంటలను హెచ్‌డీ లెక్కన వేసుకుంటే 21 జీబీ దాకా వస్తుంది. ఆ పొద్దున నాకు టెన్షన్ ఎందుకు పట్టుకుందో మీకు అర్థమై ఉంటుంది.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. చూసే మనిషికి నిద్రొస్తుంది, విసుగొస్తుంది, ఆపేస్తాడు. రికార్డర్‌కు అవేమీ లేవు. పైగా స్ట్రీమింగ్ తన వేగాన్ని నెట్‌ను బట్టి మార్చుకుంటుంది. రాత్రిపూట నెట్ ఖాళీగా ఉంటే అన్నిటికంటే పెద్ద క్వాలిటీని ఎంచుకుంటుంది. పగలు 480పీలో నడిచే వీడియో రాత్రి 1080పీకి ఎగబాకుతుంది. అందుకే క్వాలిటీని 'ఆటో'లో వదలకుండా చేత్తో పెట్టాలి, ఆటోప్లే ఆపాలి, రికార్డర్‌కు ఆగే సమయం ఇవ్వాలి.

పోయిన డేటా వేరు, డిస్క్ మీద తయారైన ఫైల్ సైజు వేరు. రికార్డర్ బొమ్మను తన పద్ధతిలో మళ్లీ కుదిస్తుంది. 5 ఎంబీపీఎస్ వేగంతో వచ్చిన వీడియోను రికార్డర్ 20 ఎంబీపీఎస్ వేగంతో రాస్తే గంటకు 9 జీబీ ఫైల్ అవుతుంది. నెట్ నుంచి వచ్చింది మాత్రం 2.25 జీబీయే. ఫైల్ నాలుగింతలైంది కదా అని బొమ్మ మెరుగుపడదు, లేని స్పష్టతను రికార్డర్ సృష్టించలేదు. తక్కువ వేగంతో రాస్తే ఫైల్ చిన్నదవుతుంది, బొమ్మ ఇంకా మసకబారుతుంది.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని ఖర్చు. ఫోన్‌లో గ్యాలరీ ఆటో బ్యాకప్ ఆన్‌లో ఉందనుకోండి. ఆ 9 జీబీ ఫైల్ మీకు చెప్పకుండా క్లౌడ్‌కు ఎక్కడం మొదలుపెడుతుంది. డేటా పరిమితి ఉన్న చాలా కనెక్షన్లలో పైకి ఎక్కేదీ లెక్కే. వచ్చిన 2.25, వెళ్లిన 9 కలిపితే 11.25 జీబీ. ఊరికే చూసి ఉంటే పోయేదానికి ఐదింతలు. చట్టం వైపు నుంచి చూసినా ఇది మంచిది కాదు. ఒక్క కాపీయే ఉండాలన్న చోట రెండో కాపీ పుట్టింది. ఆ ఫోల్డర్‌ను ఇంట్లోవాళ్లతో పంచుకుని ఉంటే, తెలియకుండానే ఆ వీడియోను కూడా పంచినట్టయింది.

క్లౌడ్ రికార్డింగ్‌లో లెక్క తిరగబడుతుంది. రికార్డ్ అయ్యేటప్పుడు మీ డేటా పోదు, ఎందుకంటే స్ట్రీమ్ వెళ్లేది కంపెనీ సర్వర్‌కు. చూసేటప్పుడో, దించుకునేటప్పుడో పోతుంది. యాంటెన్నాతోనో డిష్‌తోనో వచ్చే ప్రసారాన్ని సెట్‌టాప్ బాక్సులో రికార్డ్ చేస్తే ఇంటర్నెట్ డేటా అసలు పోదు. చట్టపరంగా కూడా పాత టైమ్ షిఫ్టింగ్ హక్కుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే. ఒకే కార్యక్రమం రెండు దారుల్లోనూ వస్తుంటే ఏది రికార్డ్ చేయాలన్నదానికి ఇక వేరే ఆలోచన అక్కర్లేదు.

మరి రికార్డింగ్ వల్ల డేటా మిగులుతుందా? ఒక్కసారి చూసేదానికి ఏమీ మిగలదు. పిల్లలు ఒకే కార్టూన్‌ను పన్నెండుసార్లు చూస్తారు. ఇరవై ఐదు నిమిషాల వీడియోను గంటకు 1 జీబీ లెక్కన పన్నెండుసార్లు స్ట్రీమ్ చేస్తే 5 జీబీ. ఒకసారి దించుకుని ఉంచితే 420 ఎంబీ లోపే. ఇలాంటి చోట యాప్‌లోని డౌన్‌లోడ్ బటనే మేలు. నెట్‌ఫ్లిక్స్ దాన్ని 2016 నవంబరులో తెచ్చింది, ఇప్పుడు చాలా సర్వీసుల్లో ఉంది. తాళం గొడవ లేదు, షరతుల గొడవ లేదు, బొమ్మ మళ్లీ కుదించుకుపోదు.

ఆ డౌన్‌లోడ్ మీద నాకు ఫిర్యాదు లేకపోలేదు. దానికి గడువుంటుంది. సర్వీసు నుంచి సినిమా తీసేస్తే మీ ఫోన్‌లో ఉన్నదీ ఆడదు. నచ్చిన డాక్యుమెంటరీ ఒక రోజు వెతికితే లేకపోవడం, మళ్లీ ఎక్కడ దొరుకుతుందో తెలియకపోవడం నాకు చాలాసార్లు జరిగింది. డీవీడీ ఉన్న రోజుల్లో అలమారలోనివాటిని ఎవరూ వచ్చి తీసుకుపోలేదు. ఎక్కడా అమ్మకానికి లేని, ఏ సర్వీసులోనూ దొరకని దాన్ని, ఒకప్పుడు డబ్బు కట్టి చూసిన మనిషి తనకోసం దాచుకోవడానికి చట్టం స్పష్టంగా చోటివ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. పంచడానికి కాదు, అమ్మడానికి కాదు. కెనడా రాసుకున్నంత కచ్చితమైన షరతులతోనే ఇవ్వొచ్చు. అది వచ్చేదాకా ఉన్న చట్టం ఉన్నట్టే.

ఈ ముళ్లేవీ లేని వీడియోలు కూడా బోలెడున్నాయి. కాపీరైట్ గడువు తీరిపోయినవి, యజమానే ముందుగా వాడకానికి అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో పెట్టినవి వాటి షరతుల మేరకు దాచుకోవచ్చు. ఆన్‌లైన్ క్లాసు, కుటుంబ వేడుక లైవ్ లాంటివాటికి యజమాని మనకు అందుబాటులోనే ఉంటారు. వాళ్లను అడగడం ఏ రికార్డర్ కంటే సులువు. కాకపోతే అందులో మాట్లాడే మిగతావాళ్ల గోప్యత కూడా ఉంటుంది కాబట్టి చెప్పకుండా రికార్డ్ చేయకూడదు.

మా దగ్గరి బంధువుల ఇంట్లో వేడుక ఒకటి లైవ్‌లో పెట్టారు. వెళ్లలేకపోయాం. అమ్మ కోసం రికార్డ్ చేద్దామని అన్నీ సిద్ధం చేసుకున్నాను, ఆటోప్లే కూడా ఆపేశాను. చివరి నిమిషంలో ఎందుకో ఆగి, వీడియో తీస్తున్న అబ్బాయి నంబరు తీసుకుని, అసలు ఫైల్ ఇవ్వగలవా బాబూ అని అడిగాను. రెండు రోజుల తర్వాత పంపాడు. లైవ్‌లో నెట్ తడబడినప్పుడల్లా గళ్లుగళ్లుగా విడిపోయిన ముఖాలు అందులో చక్కగా ఉన్నాయి. వెనక వరసలో కూర్చున్న వాళ్ల అక్కను అమ్మ గుర్తుపట్టింది.